రెండో ఆర్డరు

1958లో విలియం జేకబ్‌సన్ అనే అమెరికన్ బట్టల దిగుమతిదారు బొంబాయి వచ్చాడు. వేసవి చొక్కాలకు పనికొచ్చే చేనేత గుడ్డ కోసం ఆయన వెతుకులాట. కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్ అనే ఎగుమతి వ్యాపారి, తర్వాతి రోజుల్లో లీలా హోటళ్లు కట్టించిన మనిషే, ఆయన ముందు మద్రాసు గళ్ల గుడ్డ పరిచాడు. కళ్లు చెదిరే రంగులు. చెట్టూచేమా రంగులకు నువ్వుల నూనె కలిసిన ఘాటైన వాసన. అసలది ఆఫ్రికా కోసం నేయించిన సరుకు. గజం ఒక డాలరు లెక్కన బేరం కుదిరింది. అందులో పదివేల గజాలు న్యూయార్క్‌లోని బ్రూక్స్ బ్రదర్స్ దుకాణానికి చేరాయి.

బేరం ముగించేటప్పుడు నాయర్ ఒక హెచ్చరిక చేశాడు. ఈ గుడ్డను చన్నీళ్లలో, మెల్లగా, విడిగా ఉతకాలి. లేకపోతే రంగు దిగుతుంది. సరుకు ఓడెక్కింది, హెచ్చరిక ఎక్కలేదు. చొక్కాలు, కోట్లు కుట్టి అమ్మేశారు. కొన్నవాళ్లు తమకు అలవాటైన పద్ధతిలో వాషింగ్ మెషీన్‌లో పడేశారు. ఎరుపు వచ్చి పసుపు మీద పడింది, నీలం వచ్చి తెలుపు మీద పడింది. వ్యవహారం లాయర్ల దాకా పోయింది. అప్పుడు తట్టిన ఉపాయం వ్యాపార చరిత్రలో చెప్పుకోదగ్గది. ‘సెవెంటీన్’ పత్రిక సంపాదకురాలితో నాయర్‌ను కూర్చోబెట్టారు. ఎనిమిది పేజీల వ్యాసం అచ్చయింది. రంగు దిగడమే ఈ గుడ్డ మహిమ, ఉతికిన ప్రతిసారీ కొత్త గుడ్డ అవుతుంది అని దాని సారాంశం. రంగు పోతుందని గ్యారంటీ ఇస్తూ ప్రకటనలు కూడా వచ్చాయి. 1960ల్లో అమెరికన్ కాలేజీ కుర్రాళ్లు వెలిసిన మద్రాసు చొక్కా కోసం ఎగబడ్డారు.

ఇదంతా నాయర్ స్వయంగా చెప్పుకున్న కథ. వ్యాపారి తన విజయగాథ చెప్పేటప్పుడు కాస్త ఉప్పూకారం పడటం సహజమే. ఆ పాళ్లు తీసేసినా ఒక సంగతి మిగులుతుంది. దేశాలు దాటి సంప్రదాయ నేత కొనుక్కునేవాళ్లు గుడ్డనైతే తీసుకెళ్తారు. దాంతో పాటు వెళ్లాల్సినవి, అంటే ఎలా ఉతకాలి, ఎంత వెడల్పు వస్తుంది, ఎన్నాళ్లు పడుతుంది, ఏ నెలలో మగ్గం ఆడదు అన్నవి, కొన్నచోటే ఉండిపోతాయి. అమెరికాలో ఆ లోటును ఒక తెలివైన వ్యాసం పూడ్చింది. అన్నిసార్లూ అలా పూడదు.

ఆ గుడ్డకు జేకబ్‌సన్ కన్నా పాత గిరాకీదారులు ఉన్నారు. రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అనే ముద్రతో ఎగుమతయ్యే ఈ గళ్ల రుమాళ్లను మద్రాసు దగ్గరి సైదాపేటలోనూ మన చీరాల చుట్టుపక్కలా నేసి పశ్చిమాఫ్రికాకు పంపేవాళ్లు. నైజీరియాలో నైజర్ డెల్టా ప్రాంతపు కలబరి జనానికి అది ఇంటి గుడ్డ. వాళ్లు దాన్ని ఇంజిరి అంటారు. పురిటికి అది కావాలి, పండగకు అది కావాలి. పెద్దవాళ్లు పోయినప్పుడు ఇంట్లో మంచాలను తరతరాలుగా దాచిన గుడ్డలతో అలంకరించడంలో కూడా దానికి చోటుంది. బజారులో ఎవరైనా మిల్లు సరుకు అంటగట్టబోతే వాసన చూసి పట్టేసేవాళ్లు. న్యూయార్క్‌లో వింతగా తోచిన వాసనే అక్కడ అసలు సరుకుకు రుజువు.

కలబరి ఆడవాళ్లు ఆ గుడ్డకు చేసే పని ఇంకా విచిత్రం. కొన్నదాన్ని కొన్నట్టు కట్టుకోరు. గళ్లలోని లేతరంగు పోగుల్ని బ్లేడుతోనో చిన్న కత్తితోనో ఒక్కొక్కటీ ఎత్తి, తెంపి, లాగేస్తారు. ముదురు పోగులు అలాగే ఉంచుతారు. పోగు తీసిన చోట గుడ్డ జల్లెడలా పలచబడి, గళ్ల మీద ఇంకో నమూనా తేలుతుంది. పెలెతె బితె అని దాని పేరు. చీరాలలో ఒకరు పోగు పోగు కలిపి నేస్తే, సముద్రాల అవతల ఇంకొకరు పోగు పోగు తీసి తమ గుడ్డ చేసుకున్నారు. ఈ రెండు చేతులూ ఎప్పుడూ ఒకరినొకరు చూసుకోలేదు. చీరాల నేతగాడికి కలబరి పండగ ఎలా ఉంటుందో తెలియదు. అయినా గళ్ల సైజు మారితే, రంగు ఒక పిసరు తేడా వస్తే అక్కడినుంచి మాట వచ్చేది. ఏళ్ల తరబడి అదే గుడ్డ మళ్లీ మళ్లీ అడిగిన కొనుగోలుదారు కాబట్టే ఆ పట్టింపు. ఏ పారిస్ డిజైనర్‌కూ ఇంత కచ్చితమైన కన్ను ఉందని చెప్పడం కష్టం.

మన తీరానికి గుడ్డ కోసం విదేశీయులు రావడం కొత్తేమీ కాదు. 17వ శతాబ్దం తొలి సంవత్సరాల్లోనే డచ్చివాళ్లు మచిలీపట్నంలో కొఠీ తెరిచారు. 1611లో ఇంగ్లీషువాళ్లు దిగారు. వీళ్లందరికీ కావలసింది అద్దకం గుడ్డ. ముఖ్యంగా చిరివేరు అనే మొక్క వేరునుంచి తీసే ఎరుపు. గుల్లల సున్నం కలిసిన ఇసుక నేలల్లో, నిజాంపట్నం పరిసరాల్లో పెరిగిన చిరివేరుకు ఆనాడు పెద్ద పేరు. అయితే పాత గిరాకీకీ కొత్త గిరాకీకీ తేడా ఉంది. పర్షియా, ఆగ్నేయాసియా బేరగాళ్లకు ఎర్ర నేల ముద్దు. లండన్ వాళ్లకు అది కంటికి ఆనలేదు. తెల్ల నేల మీద రంగు పువ్వులు వచ్చేలా చేయించమని 1643లో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు సూరత్‌లోని తమ ఉద్యోగులకు రాశారు. ఈనాటి భాషలో చెప్పాలంటే అది డిజైన్ బ్రీఫ్. ఆ తర్వాత యూరప్ నుంచి నమూనాలు రావడం, కోరమండల్ తీరంలో చిత్రకారులు వాటిని తమ చేతివాటంలోకి మార్చి వేయడం మామూలైపోయింది. ఆ లతల్లో, చెట్లలో ఏది ఇక్కడిది, ఏది అక్కడిది అని విడదీయడానికి మ్యూజియం పండితులు ఇప్పటికీ తంటాలు పడుతున్నారు.

డేనియల్ హవార్ట్ అనే డచ్చి ఉద్యోగి కోరమండల్ గురించి 1693లో ప్రచురించిన గ్రంథంలో పాలకొల్లు అద్దకపువాళ్ల ప్రస్తావన ఉంది. వాళ్ల పని నత్తనడక అన్నాడాయన. కదులుతున్నట్టే కనిపించదట. సహనం అనే గుణానికి బొమ్మ గీయాలంటే వీళ్లలో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుంటే చాలునట. మెచ్చుకున్నాడో విసుక్కున్నాడో తేల్చడం కష్టం. ఓడ బయల్దేరే తేదీ నెత్తిమీద ఉన్న మనిషి కాబట్టి విసుగు పాలే ఎక్కువేమో. ఆ నత్తనడకలో ఏముందో పెడనలోనో మచిలీపట్నంలోనో ఇప్పుడు చూసినా తెలుస్తుంది. గుడ్డకున్న గంజి వదలగొట్టాలి. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. పాలు లేకపోతే రంగు గుడ్డ మీద పాకిపోతుంది. తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టి పులియబెట్టిన కసింతో నల్లగీతలు. ఎరుపు రావలసిన చోట పటిక. ఆ తర్వాత రాగి కాగులో ఉడుకు, పారే నీళ్లలో ఉతుకు, ఎండలో ఆరబోత, మళ్లీ మొదటికి. ఇందులో ఏ ఒక్కటీ మనిషి తొందరతో తొందరపడేది కాదు. ఎండ కావాలి, నీళ్లు కావాలి. పులవడానికి దాని టైము దానికి కావాలి.

కొందరు కొనడానికి వచ్చి నేర్చుకుపోయారు. 1730ల్లో పుదుచ్చేరిలో ఉన్న బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి చిత్రకారుల దగ్గర నిలబడి, ప్రతి దశలోనూ గుడ్డలోంచి ఒక ముక్క కత్తిరించి, ఏం చేశారో పక్కన రాసి పారిస్‌కు పంపాడు. ఆ ముక్కలు ఇప్పటికీ అక్కడి ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి. ఫ్రాన్సులోనే అద్దకం చేసుకోవడానికి పనికొచ్చే సమాచారం అది. శాస్త్రం దృష్టితో చూస్తే గొప్ప పత్రం. పని చూపించినవాళ్లకు దాని మూలంగా దక్కింది మాత్రం ఏమీ లేదు.

జిమ్ థాంప్సన్‌ది ఇంకో దారి. 1906లో పుట్టిన అమెరికన్ ఆర్కిటెక్ట్. రెండో ప్రపంచయుద్ధంలో గూఢచారి విభాగంలో పనిచేసి, యుద్ధం ముగిసే వేళకు బ్యాంకాక్ చేరి, అక్కడే ఉండిపోయాడు. అప్పటికి మిల్లు బట్టల పోటీకి థాయ్ పట్టునేత చివరి దశలో ఉంది. నగరం నడిబొడ్డున సేన్ సేప్ కాలవ ఒడ్డున బాన్ క్రువా అనే పేట. చామ్ ముస్లింలు ఉండే ఆ పేటలో కొన్ని ఇళ్లలో మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి. 1947లో ఆయన కొన్ని పట్టు నమూనాలు సూట్‌కేసులో పెట్టుకుని న్యూయార్క్ వెళ్లి ‘వోగ్’ సంపాదకురాలు ఎడ్నా వూల్మన్ చేజ్ ముందు పరిచాడు. 1951లో ‘ద కింగ్ అండ్ ఐ’ అనే సంగీత నాటకం బ్రాడ్వేలో మొదలైంది. ఐరీన్ షారఫ్ దానికి థాయ్ పట్టుతో దుస్తులు కుట్టించింది. 1956లో అదే కథ సినిమాగా వచ్చినప్పుడు ఆమెకు ఆస్కార్ దక్కింది. తమ రాజును చూపించిన తీరు నచ్చక థాయ్‌లాండ్ ఆ సినిమాను నిషేధించింది. ఆ పట్టుకు ప్రపంచమంతా పేరు తెచ్చిన కథను ఆ పట్టు నేసిన ఊళ్లో చూడటానికి వీల్లేకపోయింది.

థాంప్సన్ గుడ్డ కొని వెళ్లిపోయే మనిషి కాదు. వెలిసిపోయే పాత రంగుల చోట నిలిచే రసాయన రంగులు తెప్పించాడు. నేతగాళ్లను ఫ్యాక్టరీలోకి తోలకుండా ఎవరింట్లో వాళ్లు నేసుకునే ఏర్పాటు కొనసాగించాడు. కాలవ దాటి వెళ్లి మగ్గం మీద ఉన్న గుడ్డను రోజూ చూసేవాడు. బాన్ క్రువాకు ఎదురుగట్టునే, పాత టేకు ఇళ్లు విప్పించి తెచ్చి, 1959 నాటికి తన ఇల్లు కట్టుకున్నాడు. సంప్రదాయ రంగులు పోగొట్టాడని ఆయన్ని తప్పుపట్టేవాళ్లు ఉన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే న్యూయార్క్‌లో రంగు దిగే పట్టు గౌను కొనే ఆడమనిషి రెండోసారి కొనదు. మద్రాసు చొక్కాను కాపాడిన ఎనిమిది పేజీల వ్యాసం ప్రతి గుడ్డకూ దొరకదు కదా. రంగు మార్చింది ఆయన, మగ్గం బతికింది. ఈ పత్రిక దృష్టిలో ఆ లెక్క సరైనదే.

1967 మార్చి 26న మలేషియాలోని కామెరాన్ కొండల్లో సాయంత్రపు నడకకని బయల్దేరిన థాంప్సన్ తిరిగి రాలేదు. ఏమయ్యాడో ఈనాటికీ తేలలేదు. ఆయన మీద పుట్టిన పుస్తకాల్లో చాలా ఆ అదృశ్యం చుట్టూనే తిరుగుతాయి. బాన్ క్రువా ఏమైందన్నది అంతకన్నా అడగదగ్గ ప్రశ్న. గిరాకీ పెరిగేకొద్దీ కంపెనీ నేత ఈశాన్యాన పాక్ తోంగ్ చాయ్‌కు తరలింది. ఆయన ఇల్లు ఇప్పుడు టికెట్టు పెట్టి చూపించే మ్యూజియం. కాలవ అవతల మగ్గం ఆడుతున్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొనుగోలుదారు మంచివాడైనా, పక్కింట్లోనే ఉన్నా, వ్యాపారం ఒక కొలత దాటాక ఆ పేటకు అందలేదు.

ఉజ్బెకిస్తాన్‌లో ఫెర్గానా లోయలోని మార్గిలాన్‌కు పోచంపల్లి ఇక్కత్ నేతగాడిని ఒకరిని తీసుకెళ్తే దుభాషి అక్కర్లేకుండానే సగం పని అర్థమవుతుంది. అక్కడా పడుగుకే ముందు రంగు. పట్టుపోగుల్ని చట్రం మీద సాగదీసి, నమూనా గీసేవాడు కర్రముక్కతో గీతలు పెడతాడు. ఒక రంగు తాకకూడని చోటల్లా గట్టిగా కట్టు. ముంచడం, ఆరబెట్టడం, కట్టు విప్పడం, ఇంకో చోట కట్టడం. రంగు రంగుకూ ఇదే వరస. మనవాళ్లు పడుగుకూ పేకకూ కూడా కట్లు వేస్తారు. మార్గిలాన్‌లో పడుగుకు మాత్రమే. పట్టు పడుగు, నూలు పేక కలిపి నేసేది అద్రస్. అంతా పట్టు అయితే అట్లస్. కట్లు వేసిన పడుగుతో ముఖమల్ నేస్తే అది బఖ్మల్, అన్నిటికన్నా కష్టం. ముఖమల్ కుచ్చుకు పోయే పడుగు గుడ్డలో ముడుచుకుపోతుంది. అందుకని నమూనాను చాలా రెట్లు సాగదీసి కట్టుకోవాలి. సాగదీసిన బొమ్మ నేతలో దగ్గరపడి అసలు ఆకారంలోకి వస్తుంది. నేత పూర్తయిన అద్రస్‌కు గుడ్డుసొన పూసి, చెక్క సుత్తితో బాది మెరుపు తెస్తారు. ఆ సుత్తి దెబ్బల చప్పుడు పాత మార్గిలాన్ వీధుల్లో మామూలు.

సోవియట్ రోజుల్లో చేతిపని కుదించుకుపోయి ఫ్యాక్టరీ అట్లస్ మిగిలింది. బఖ్మల్ దాదాపు మరుపున పడింది. దాన్ని మళ్లీ మగ్గమెక్కించిన కొద్దిమందిలో రసుల్జాన్ మిర్జాఅహ్మదొవ్ ఒకరు, తరాలుగా ఇదే పనిలో ఉన్న కుటుంబంవారు. 2005లో డిజైనర్ ఆస్కార్ డి లా రెంటా తన దుస్తుల్లో మార్గిలాన్ గుడ్డ వాడాడు. న్యూయార్క్ ర్యాంపు మీద మధ్యాసియా రంగులు నడిచాయి. అంతకుముందే గిడో గోల్డ్‌మన్ అనే సేకర్త 19వ శతాబ్దపు బుఖారా అంగీలు పోగుచేసి 1990ల చివర్లో అమెరికన్ మ్యూజియంలలో ప్రదర్శనకు పెట్టి ఉన్నాడు. కన్ను అప్పటికే అలవాటుపడి ఉంది. డి లా రెంటా తర్వాత గిరాకీ ఉప్పెనలా వచ్చింది.

ఉప్పెన ఏ ఒడ్డుకు కొట్టిందన్నదే చూడాలి. చేతి మగ్గం మీద వచ్చే అద్రస్ వెడల్పు మూరెడు లోపే. పాత బుఖారా అంగీ నిలువు ముక్కలు జతచేసి, మెడ దగ్గరా చంక దగ్గరా తప్ప పెద్దగా కత్తెర పడకుండా కుట్టింది అందుకే. నేత వెడల్పే ఆ కోటుకు ఆకారం. ఆ సంగతి తెలిసి, అతుకును దాచకుండా డిజైన్‌లోనే కలుపుకునే డిజైనర్‌కు మార్గిలాన్ గుడ్డ సరిపోతుంది. నాలుగున్నర అడుగుల పన్నా మీద అడ్డంగా కత్తిరించడానికి అలవాటుపడ్డవాళ్లకు సరిపోదు. వాళ్లు నమూనాను మాత్రం ఫొటో తీసుకుని మిల్లుకు పంపారు. కొన్నాళ్లకల్లా ఆ అలల అంచుల బొమ్మ కర్టెన్ల మీద, సోఫాల మీద, దిండు గలీబుల మీద ప్రింటై కనిపించింది. అందులో ఒక్క గజానికైనా మార్గిలాన్‌లో ఒక కట్టు పడలేదు. మంచి వార్త లేకపోలేదు. అట్లస్, అద్రస్ పని నేర్పే మార్గిలాన్ హస్తకళల కేంద్రాన్ని 2017లో యునెస్కో ఆదర్శ పరిరక్షణ పద్ధతుల జాబితాలో చేర్చింది. కుర్రకారు నేర్చుకుంటున్నారు. కొనేవాళ్లు మళ్లీ వస్తారా అన్నది యునెస్కో చేతిలో లేదు.

మళ్లీ వచ్చేవాళ్లు లేకపోలేదు. బెల్జియం డిజైనర్ డ్రీస్ వాన్ నోటెన్ కలకత్తా కుట్టుపనివాళ్ల చేత దశాబ్దాలుగా ఎంబ్రాయిడరీ చేయించాడు. ఆ సీజన్‌లో ఎంబ్రాయిడరీ ఫ్యాషనా కాదా అని చూడకుండా, వాళ్లకు పని తప్పకూడదని ప్రతి కలెక్షన్‌లోనూ ఎంతో కొంత పెడతానని ఆయన చెప్పుకున్నాడు. జపాన్‌కు చెందిన ఇస్సే మియాకే 1980ల నుంచి అహ్మదాబాద్‌లోని ఆశా సారాభాయ్ కార్ఖానాతో కలిసి పనిచేశాడు. వీళ్ల పేర్లు ఇక్కడ తలుచుకోవడం దానధర్మాల లెక్కలో కాదు. మొదటి ఆర్డరులో గుడ్డ నచ్చి కొంటారు. రెండోసారి వచ్చేసరికి ఏది అడగొచ్చో, ఏది అడగకూడదో తెలిసి వస్తారు. నేసేవాళ్లకూ ఆ చేతి కొలత తెలుస్తుంది. మూడోసారికి ఎవరిది డిజైనో చెప్పడం కష్టమవుతుంది. మంచి పనంతా అక్కడే పుడుతుంది.

ప్రయాణం చేసి ఏమీ కొనకుండా వెళ్లేవాళ్లు మరో జాతి. 2015లో ఇసబెల్ మరాంట్ అనే ఫ్రెంచి డిజైనర్ అమ్మిన జాకెట్టు మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో త్లావితోల్తెపెక్ అనే కొండ ఊరి జాకెట్టులా ఉందని ఆ ఊరివాళ్లు గొడవ చేశారు. ఇందులో తమాషా ఏమిటంటే, ఆ డిజైన్ తమదని ఇంకో ఫ్రెంచి కంపెనీ మరాంట్ మీద పారిస్ కోర్టుకెక్కింది. అది మెక్సికో ఊరి సంప్రదాయ డిజైన్ కాబట్టి ఆ కంపెనీకి హక్కు లేదని కోర్టు కొట్టేసింది. ఊరి పేరు తీర్పులోకి ఎక్కింది. ఊరికి దాని మీద పైసా రాలేదు. మన భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు పరిస్థితీ ఇంచుమించు ఇదే. దేశంలో తొలి జీఐలు దక్కినవాటిలో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. ఆ పేరు వేరెవరైనా వాడుకుంటే అడ్డుకోవచ్చు. ఆ చుక్కల్నీ మెట్ల అంచుల్నీ మిల్లులో ప్రింటు చేసి, పేరు పెట్టకుండా అమ్మితే చేయగలిగింది తక్కువ.

తేలియా రుమాలు సంగతి చూస్తే విదేశీ గిరాకీ రావడం, పోవడం రెండూ ఒకే గుడ్డలో కనిపిస్తాయి. చీరాలలో మొదలై నల్గొండ వైపు పుట్టపాకకు చేరిన నేత అది. నూలు చిలపల్ని ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి పిసికి, ఆరబెట్టి, మళ్లీ పిసుకుతారు. అప్పుడే ఎరుపు లోపలిదాకా పడుతుంది. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరే రంగుకు చోటు లేదు. నూనె పట్టిన ఆ రుమాళ్లను అరబ్బులు తలకు చుట్టుకునేవాళ్లు, ఎండలో చల్లగా ఉంటుందని. ఎగుమతి వ్యాపారంలో దాన్ని ఆసియా రుమాలు అనేవాళ్లు. తర్వాత ఆ బేరం సన్నగిల్లింది. చీరాలలో పని దాదాపు ఆగిపోయింది. పుట్టపాక మాత్రం రుమాలును వదల్లేదు. అదే పనిని చీరల మీదికీ దుపట్టాల మీదికీ తెచ్చింది. గజం గోవర్ధన, గజం అంజయ్య గార్లకు పద్మశ్రీలు వచ్చింది ఈ పనికే. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు జీఐ వచ్చింది.

పుట్టపాకకో పోచంపల్లికో వచ్చే కొత్త డిజైనర్లు తరచూ అడిగేది, ఒక మీటరు శాంపిల్ చేసిస్తారా అని. మామూలు గుడ్డకైతే అడగొచ్చు. ఇక్కత్‌లో మీటరు శాంపిల్ అంటే మీటరు ఖర్చు కాదు. పడుగు ఏడెనిమిది చీరలకు సరిపడా ఒకేసారి పోస్తారు. కొత్త నమూనా అంటే గ్రాఫ్ గీయాలి, నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోయాలి, రంగు అంటకూడని చోట చిటికీలు కట్టాలి, రంగుల్లో ముంచాలి, అచ్చులోకి ఎక్కించాలి. మీటరు నేసి చూపించినా మొత్తం పడుగు కట్టినట్టే. ఆసు పోయడం ఒక్కటే ఒకప్పుడు ఇంటి ఆడవాళ్ల భుజాలు విరిచేది. తల్లి లక్ష్మి ఆ బాధ పడటం చూసి ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. యంత్రం ఆసు పోస్తుంది, చిటికీలు కట్టదు. శాంపిల్‌కు బయానా ఇవ్వకుండా, నచ్చితే ఆర్డరు ఇస్తామని చెప్పి వెళ్లేవాళ్లు ఒక కుటుంబం చేత నెలల పని ఉద్దెరకు చేయించుకున్నట్టే. ఆ నమూనా ఇంకొకరికి అమ్ముడుపోదు, ఎందుకంటే అది ఆ డిజైనర్ అడిగిన రంగుల్లో ఉంటుంది. చేనేత శాఖలు, ఫ్యాషన్ కళాశాలలు కొనుగోలుదారులకు ఇచ్చే సలహాల్లో ఈ ఒక్కటి ముందు ఉండాలి: శాంపిల్ కూడా ఆర్డరే, దానికీ మజూరీ కట్టాలి.

తేదీల సంగతి ఇంకొకటి. పారిస్, మిలాన్ ర్యాంపుల మీద వేసవి దుస్తులు నడిచేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. దానికి గుడ్డ చేతికి రావలసింది అంతకు చాలా ముందు. లెక్కలు వేసుకుని జూన్‌లో వచ్చి ఆగస్టుకల్లా కావాలనేవాళ్లు కనిపిస్తారు. జూన్‌కు వాన మొదలవుతుంది. వీధి పొడవునా పడుగు సాగదీసి గంజి పెట్టడానికి పొడి పొద్దు కావాలి. రంగు వేసిన చిలపలు ఆరడానికి ఎండ కావాలి. గుంట మగ్గంలో తడి ఊరితే కాళ్లు పెట్టడానికి వీలుండదు. ఆ మీదట శ్రావణం పెళ్లిళ్లు, దసరా, దీపావళి గిరాకీకి ఊరి మగ్గాలన్నీ ముందే చిక్కి ఉంటాయి. హైదరాబాదు, విజయవాడ దుకాణదార్లు ప్రతి ఏటా వచ్చేవాళ్లు, వాళ్లను కాదని పరదేశపు మొదటి ఆర్డరుకు మగ్గం ఖాళీ చేసేవాళ్లు తక్కువ. సంక్రాంతి పోయాక వచ్చి, నమూనా తేల్చుకుని, బయానా ఇచ్చి, ఎండలు ముదిరేలోగా పడుగులు కట్టించుకునేవాళ్ల పని సాఫీగా జరుగుతుంది. ఆ గుడ్డ ఈ ఏడాది ర్యాంపుకు కాక వచ్చే ఏడాది ర్యాంపుకు వెళ్తుంది. అంతవరకు ఆగలేనివాళ్లకు సూరత్‌లో ఇక్కత్ ప్రింటు థాన్లకు థాన్లు దొరుకుతుంది. ఇంట్లో కూర్చుని ఫోన్ చేస్తే చాలు, విమానం టికెట్టు కూడా దండగే.